సంపద పంపిణీ: అమెరికా, నార్వే ప్రజల న్యాయదృష్టి

ఎవరికెంత దక్కడం న్యాయమన్న విషయంలో దేశదేశానికీ ప్రజాభిప్రాయం మారుతుంది. నార్వే ఆర్థికవేత్తలు ఆల్మోస్, కాపెలెన్, టుంగోడెన్ 2020లో ప్రచురించిన ప్రయోగం ఈ తేడాను కళ్లకు కట్టింది. ఇద్దరు ఒకే పని చేశారు. బోనస్ మొత్తం ఒకరికే వచ్చింది. రెండో వ్యక్తికి పంచాలా వద్దా అన్నది అమెరికాకో నార్వేకో చెందిన మూడో మనిషి తేల్చాలి. లాటరీలో వచ్చిన సొమ్మయితే పంచడానికి ఇరుదేశాల వారూ ఎక్కువ మొగ్గారు. బాగా పనిచేసినందుకు వచ్చినదైతే వెనక్కి తగ్గారు. పంచితే కొంత సొమ్ము తరిగిపోతుందన్నా వారి తీర్పు పెద్దగా మారలేదు. సంక్షేమ చర్చలు ఖర్చు చుట్టూనే తిరుగుతున్నందున ఇది గట్టిగా పట్టించుకోవలసిన ఫలితం. మొత్తంమీద అమెరికన్లే ఎక్కువ అసమానతను సమ్మతించారు: పనితీరు వల్ల వచ్చిన తేడాను నార్వేవారు ఎంతవరకు ఒప్పుకున్నారో, కేవలం అదృష్టం వల్ల వచ్చిన తేడాను అమెరికన్లు దాదాపు అంతవరకు ఒప్పుకున్నారు.