ముప్పై రెండో షర్తు



1788 జూలై 30. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, హిల్స్‌బరో అనే చిన్న ఊరు. ఒక చర్చిలో ఆ రాష్ట్ర ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు కూర్చుని ఉన్నారు. ముందటేడు ఫిలడెల్ఫియాలో తయారైన కొత్త దేశ రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది బహస్. అందులో ఒక మాట కొందరికి ముల్లులా గుచ్చుకుంది. దేశంలో ఏ పదవికీ మజహబ్ పరీక్ష పెట్టకూడదని ఆ రాజ్యాంగం అంటోంది.

హెన్రీ అబాట్ అనే ప్రతినిధి లేచి జనంలో ఉన్న భయాన్ని బయటపెట్టాడు. ఈ పరీక్ష లేకపోతే దేవుణ్ణి సరిగా నమ్మనివాళ్ళు, ‘మహమ్మదీయులు’ కూడా పదవుల్లోకి వస్తారేమోనని కొందరు కంగారు పడుతున్నారన్నాడు. విలియం లాంకాస్టర్ ఇంకో అడుగు ముందుకేశాడు. నాలుగైదు వందల ఏళ్ళకైనా సరే, ప్రెసిడెంట్ కుర్చీలో ఒక ముసల్మాన్ కూర్చోవచ్చు కదా అన్నాడు.

జవాబిచ్చింది జేమ్స్ ఐర్‌డెల్ అనే వకీలు. ఒక తరహా మనుషుల్ని బయట ఉంచాలంటే, మనం ఇంతగా కోరుకుంటున్న మజహబీ ఆజాదీనే చంపుకోవాలి, అదెలా కుదురుతుంది అని అడిగాడు. అయితే జనం అలాంటివాళ్ళను ఎన్నుకోరులే అని ధైర్యం కూడా చెప్పాడు.

చదివితే దిల్‌కు తసల్లీగానే ఉంటుంది. కానీ ఆ రోజు అక్కడున్నవాళ్ళకు తట్టని సంగతి ఒకటుంది. వాళ్ళు భయపడిన ముసల్మాన్ ఎక్కడో అరేబియాలో లేడు. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చి అమ్మిన గులాముల్లో కల్మా చదివినవాళ్ళు ఎందరో ఉన్నారు. పదవి సంగతి సరే, వాళ్ళ ఒళ్ళు కూడా వాళ్ళది కాదు.

ఇంటికి రెండు తలుపులు

ఈ కథ అర్థం కావాలంటే ముందు ఒక తేడా తెలియాలి. మన దేశానికి రాజ్యాంగం ఒక్కటే. తెలంగాణకు గానీ ఆంధ్రకు గానీ వేరే రాజ్యాంగం లేదు. ఒక్క జమ్మూ కశ్మీర్‌కు ఉండేది, 2019లో అదీ పోయింది. అమెరికాలో అలా కాదు. యాభై రాష్ట్రాలకూ యాభై రాజ్యాంగాలు. ఉర్దూలో మనం దస్తూర్ అంటాం కదా, ప్రతి రాష్ట్రానికీ తన దస్తూర్ ఉంది. తొలి రాష్ట్రాల దస్తూర్లు దేశ రాజ్యాంగం కంటే వయసులో పెద్దవి. ఓటు ఎవరికి, బడి ఎవరికి, జడ్జి ఎలా రావాలి, ఇలా మన గడప దాకా వచ్చే సంగతులు ఎక్కువగా తేలేది వాటిలోనే.

నార్త్ కరోలినా తన దస్తూర్‌ను 1776 డిసెంబర్‌లో హాలిఫాక్స్ ఊళ్ళో రాసుకుంది. హక్కుల జాబితాలో ప్రతి మనిషికీ తన జమీర్ చెప్పినట్టు ఇబాదత్ చేసుకునే హక్కు ఉందని రాశారు. అక్కడే కొన్ని పేజీల తర్వాత 32వ షర్తు పెట్టారు: దేవుడు లేడనేవాళ్ళకు, ప్రొటెస్టెంట్ మతం నిజం కాదనేవాళ్ళకు, బైబిల్ దైవవాక్కు కాదనేవాళ్ళకు ఈ రాష్ట్రంలో సర్కారీ పదవి దక్కదు. అంటే ఇబాదత్ చేసుకో, కుర్చీ మాత్రం అడక్కు. యూదులు, క్యాథలిక్కులు, ముసల్మాన్లు అందరూ బయటే.

హిల్స్‌బరో సభ దేశ రాజ్యాంగాన్ని ఒప్పుకోకుండానే లేచిపోయింది. మరుసటి ఏడు, 1789 నవంబర్‌లో, ఫెయెట్‌విల్ ఊళ్ళో ఇంకో సభ పెట్టి ఒప్పుకున్నారు. ఆ తర్వాత వింత పరిస్థితి ఏర్పడింది. ఖానూన్ ప్రకారం ముసల్మాన్ దేశానికి ప్రెసిడెంట్ కావచ్చు, నార్త్ కరోలినాలో ఒక కోర్టు గుమాస్తా మాత్రం కాలేడు. 1791లో దేశ రాజ్యాంగానికి చేర్చిన హక్కులు కూడా అప్పట్లో కేంద్ర హుకూమత్‌నే కట్టడి చేసేవి, రాష్ట్రాలను కాదు. పెద్ద గేటు తెరిచే ఉంది, గది తలుపుకు మాత్రం తాళం.

1809లో జేకబ్ హెన్రీ అనే యూదుడు ఆ తాళం దగ్గరే చిక్కుకున్నాడు. కార్టరెట్ కౌంటీ జనం ఆయన్ను రెండోసారి అసెంబ్లీకి గెలిపించారు. ఒక సభ్యుడు లేచి, 32వ షర్తు ప్రకారం ఈయన పనికిరాడన్నాడు. హెన్రీ తన మజహబ్ తరఫున నిలబడి మాట్లాడాడు. సభ ఆయన సీటు ఉంచింది, షర్తును మాత్రం ముట్టుకోలేదు.

అసెంబ్లీ కంటే పెద్దది

దస్తూర్‌లో చెడు ఉంది కాబట్టి అంతా చెడే అనుకోకండి. అదే కాగితం 1787లో ఇంకో పని చేసింది.

స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ రాజు పక్షం ఉన్నవాళ్ళ ఆస్తులను రాష్ట్రం జప్తు చేసి అమ్మేసింది. ఎలిజబెత్ బేయర్డ్ అనే ఆవిడ, ఆ ఇల్లు నాన్న నాకు రాసిచ్చాడు, నాకు ఇప్పించండి అని దావా వేసింది. ఇలాంటి దావాలు వినకుండానే కొట్టేయాలని అసెంబ్లీ అప్పటికే ఒక ఖానూన్ చేసి ఉంది. జడ్జిలు ఒప్పుకోలేదు. ఆస్తి తగాదాలో జ్యూరీ విచారణ అన్నది దస్తూర్ ఇచ్చిన హక్కు, దాన్ని అసెంబ్లీ కూడా లాక్కోలేదు అన్నారు. విచారణ జరిగింది. ఆవిడ ఓడిపోయింది. కానీ జనం పేరుతో మాట్లాడే అసెంబ్లీకి కూడా హద్దు ఉందన్న ఫైసలా నిలిచింది. దేశ సుప్రీంకోర్టు ఇదే మాట అనడానికి 1803 దాకా పట్టింది. ఆవిడ తరఫు వకీళ్ళలో ఒకరు మన ఐర్‌డెల్ సాబే.

జైలు గోడ మీద అరబీ

1810లో ఫెయెట్‌విల్ జైలుకు పారిపోయిన గులాం ఒకణ్ణి పట్టి తెచ్చారు. పేరు ఉమర్ బిన్ సయీద్. పశ్చిమ ఆఫ్రికాలోని ఫుతా తోరోలో పుట్టి, పాతికేళ్ళు ఇల్మ్ నేర్చుకున్న మనిషి. 1807లో పట్టుకొచ్చి చార్లెస్టన్‌లో అమ్మారు. జైల్లో ఆయన గోడల మీద బొగ్గుతో అరబీ రాశాడని చెప్పుకుంటారు. జేమ్స్ ఓవెన్ అనే షావుకారు ఆయన్ను కొనుక్కున్నాడు. ఓవెన్ తమ్ముడో అన్నో ఎవరో ఊరికే ఉండే మనిషి కాదు, జాన్ ఓవెన్ 1828లో ఆ రాష్ట్రానికి గవర్నర్ అయ్యాడు.

1830లో ఆ రాష్ట్ర అసెంబ్లీ గులాములకు చదవడం, రాయడం నేర్పితే నేరమని ఖానూన్ చేసింది. 1831లో ఉమర్ అరబీలో తన ఆత్మకథ రాశాడు. బిస్మిల్లాతో మొదలుపెట్టి, ముందుగా సూరె ముల్క్ రాశాడు. మన ఇళ్ళల్లో రాత్రి పడుకునే ముందు చదువుకునే సూరానే అది. ముల్క్ అంటే ఏలుబడి. అసలు ఏలుబడి ఎవరి చేతిలో ఉందో చెప్పే సూరా. ఉమర్ చర్చిలో చేరాడు, దిల్‌లో ఏముందో అల్లాహ్‌కే తెలుసు. కానీ ఆ మొదటి పేజీ మన కళ్ళ ముందు ఉంది. ఇప్పుడది అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది.

ఉమర్ గులాంగా బతుకుతున్న రోజుల్లోనే, 1835లో, రాలీలో దస్తూర్‌ను సవరించే సభ జరిగింది. క్యాథలిక్ జడ్జి విలియం గాస్టన్, మజహబ్ షర్తును పూర్తిగా తీసేయమని గట్టిగా వాదించాడు. తీసేయలేదు, ‘ప్రొటెస్టెంట్’ బదులు ‘క్రిస్టియన్’ అని మార్చారు. క్యాథలిక్కులకు తలుపు తెరుచుకుంది, యూదులకు, ముసల్మాన్లకు మూసే ఉంది. అదే సభ ఇంకో తలుపు మూసింది. 1776 దస్తూర్ ఓటు హక్కును ‘స్వేచ్ఛాపరులకు’ ఇచ్చింది, రంగు అడగలేదు. పన్ను కట్టే స్వతంత్ర నల్లవాళ్ళు దాదాపు అరవై ఏళ్ళు ఓటు వేశారు. 1835లో ఆ హక్కు లాక్కున్నారు.

మూడేళ్ళ తర్వాత అదే గాస్టన్ ఒక ముకద్దమాలో, ఈ రాష్ట్రంలో పుట్టి గులామీ నుంచి బయటపడిన నల్లవాళ్ళు రాష్ట్ర పౌరులే అని ఫైసలా ఇచ్చాడు. 1857లో దేశ సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవాళ్ళు పౌరులే కారన్నప్పుడు, ఒప్పుకోని జస్టిస్ కర్టిస్ చూపించింది ఈ రాష్ట్ర ఫైసలానే. ఒక్కోసారి ఢిల్లీ దర్బార్ కంటే జిల్లా కచేరీలోనే ఇన్సాఫ్ ఎక్కువ దొరుకుతుందన్నట్టు.

ఇచ్చిందీ ఓటే, లాక్కున్నదీ ఓటే

అంతర్యుద్ధం ముగిసింది, గులామీ పోయింది. అప్పటికి ఉమర్ ఈ లోకంలో లేడు. 1868లో కొత్త దస్తూర్ రాశారు. రాసినవాళ్ళలో అబ్రహాం గాలవే, జేమ్స్ హుడ్ లాంటి నల్లజాతి నాయకులు కూడా ఉన్నారు. ఉచిత బడులు వచ్చాయి. రంగుతో పని లేకుండా మగవాళ్ళందరికీ ఓటు వచ్చింది. ‘క్రిస్టియన్’ అన్న మాట పోయింది, దేవుడు లేడనేవాళ్ళకు మాత్రమే పదవి నిషిద్ధం. 92 ఏళ్ళకు ఆ రాష్ట్రంలో ముసల్మాన్‌కు, యూదుడికి ఖానూన్ తలుపు తీసింది.

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. 1898 నవంబర్‌లో విల్మింగ్టన్ నగరంలో తెల్లజాతి గుంపులు తుపాకులతో వచ్చి, నల్లవాళ్ళను చంపి, ఎన్నికైన నగర పాలనను కూలదోశాయి. 1900 ఆగస్టులో దస్తూర్‌కు సవరణ తెచ్చారు. ఓటు కావాలంటే దస్తూర్‌లో ఏ భాగమైనా ఇంగ్లీషులో చదివి రాసి చూపించాలి, తలపన్ను కట్టాలి. 1867కు ముందు తాత ముత్తాతలకు ఓటు ఉన్నవాళ్ళకు చదువు పరీక్ష అక్కర్లేదు. ఆ తాతలు ఎవరో చెప్పక్కర్లేదు కదా. ఒకప్పుడు చదువు నేర్పితే నేరమన్న రాష్ట్రమే, ఇప్పుడు చదువు రాకపోతే ఓటు లేదంది.

తుపాకీ నీడలో అయినా, ఆ సవరణ నెగ్గింది బ్యాలెట్ పెట్టెలోనే. 1959లో లూయీస్ లాసిటర్ అనే నల్లజాతి మహిళ దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్తే, పరీక్ష చెల్లుతుందనే అన్నారు. 1965 ఓటు హక్కుల చట్టంతో గానీ దాని పీడ వదల్లేదు.

మళ్ళీ అదే రాష్ట్రం

1997లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు, ప్రతి పిల్లవాడికీ సరైన కనీస తాలీమ్ ఇవ్వడం దస్తూర్ పెట్టిన బాధ్యత అంది. దేశ రాజ్యాంగంలో చదువు హక్కు లేదని దేశ సుప్రీంకోర్టు 1973లోనే చెప్పేసింది. బీద పిల్లలకు దిక్కు రాష్ట్ర దస్తూరే అయింది.

ఎన్నికలు స్వేచ్ఛగా జరగాలని ఆ దస్తూర్‌లో 1776 నుంచీ ఉంది. ఆ మాట పట్టుకునే 2022లో రాష్ట్ర కోర్టు, పార్టీ లాభం కోసం గీసిన నియోజకవర్గాల మ్యాప్‌ను కొట్టేసింది. కోర్టు చూసిన మ్యాప్ మీద ఆ ఏడు కాంగ్రెస్ సీట్లు రెండు పార్టీలకూ ఏడేసి వచ్చాయి. అదే ఎన్నికలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిలు కూడా మారారు. కొత్త జడ్జిలు 2023 ఏప్రిల్‌లో పాత ఫైసలాను తిప్పేశారు. అసెంబ్లీ కొత్త మ్యాప్ గీసింది. 2024లో పది ఒకరికి, నాలుగు ఇంకొకరికి.

ఆ మధ్యలో, 2023 జూన్‌లో, దేశ సుప్రీంకోర్టు ఇంకో ప్రశ్న తేల్చింది. కాంగ్రెస్ ఎన్నికల విషయంలో రాష్ట్ర దస్తూర్ మమ్మల్ని ఆపలేదని అసెంబ్లీ వాదించింది. 6–3తో కోర్టు ఆ మాట తోసిపుచ్చింది. ఆ ఫైసలాలో చీఫ్ జస్టిస్ గుర్తుచేసిన పాత కేసుల్లో 1787 నాటి బేయర్డ్ బేగం దావా కూడా ఉంది.

ఉమర్‌ను ఖైదు చేసిన ఫెయెట్‌విల్‌లో ఇప్పుడు ఆయన పేరుతో మస్జిద్ ఉంది. ఆ ఊరి నుంచే లారీ షా అనే ముసల్మాన్ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికై ఏళ్ళ తరబడి పనిచేశాడు. లాంకాస్టర్ నాలుగైదు వందల ఏళ్ళన్నాడు. సెనేట్ దాకా రావడానికి ఇన్షా అల్లాహ్ అనుకునేంత సమయం కూడా పట్టలేదు, సుమారు రెండు వందల ఏళ్ళు.

కానీ 1900 నాటి చదువు పరీక్ష మాట ఇవాళ్టికీ ఆ దస్తూర్‌లో అచ్చులో ఉంది. 1970లో తీసేద్దామా అని జనాన్ని అడిగితే వద్దన్నారు. దేవుడు లేడనేవాళ్ళకు పదవి లేదన్న వాక్యమూ ఉంది. దేశ చట్టం పైన ఉండబట్టి అవి పనిచేయవు, అంతే.

మన బంధువుల పిల్లలు ఎందరో ఇవాళ రాలీ, క్యారీ, షార్లెట్‌లలో స్థిరపడ్డారు. పౌరసత్వం వచ్చినవాళ్ళు ప్రెసిడెంట్ పేరు దగ్గర టిక్కు పెట్టి వచ్చేస్తుంటారు. వాళ్ళకు ఫోన్ చేసినప్పుడు ఒక మాట చెప్పండి. బ్యాలెట్ కాగితం కింది దాకా చదవమనండి. రాష్ట్ర జడ్జిల పేర్లు, దస్తూర్ సవరణలు ఉండేది అక్కడే. 1900లో తలుపు మూసుకుంది అక్కడే, 2022లో మ్యాప్ రాత మారింది అక్కడే.