తారు రోడ్డు దిగిన సైకిలు

రోడ్లు నున్నగా ఉండాలని ఇంగ్లండులో గట్టిగా పట్టుబట్టింది కార్లవాళ్లు కాదు, సైకిళ్లవాళ్లు. 1886లో రెండు సైకిలు సంఘాలు కలిసి రోడ్లు బాగుచేయించడానికే ఒక సంఘం పెట్టాయి. అప్పటికి ఆ దేశంలో రోడ్డెక్కిన కారు లేదు. రైళ్లు వచ్చాక ఊరికీ ఊరికీ మధ్య బండ్ల రాకపోకలు తగ్గి, పట్టించుకునే నాథుడు లేక దారులు గతుకులమయం అయిపోయాయి. 1888లో బెల్‌ఫాస్ట్‌లోని పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల బండికి తొడిగిన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1902లో ఎడ్గర్ హూలీ అనే సర్వేయరు తారు పట్టించిన కంకరకు పేటెంటు పొందాడు. కుదుపు తగ్గింది, దారి నున్నబడింది. సైకిళ్లవాళ్లు అడిగిన రోడ్లు వచ్చాయి. వాటి వెనకే కార్లూ వచ్చాయి.

ఇప్పుడు అంగళ్లలో గ్రావెల్ బైక్ అని అమ్ముతున్నారే, రేసు సైకిలు లాంటి వంపు హ్యాండిలూ లావు టైర్లూ డిస్క్ బ్రేకులూ ఉన్న బండి, అది ఈ శతాబ్దంలో అమెరికాలో పుట్టిందంటారు. బండి వరకు నిజమే. కంకర దారిన సైకిలు తొక్కడం కూడా ఒక వింతేనా అని పాల క్యాన్లు కట్టుకుని పొలాల గట్ల మీద తిరిగిన మనవాళ్లు నవ్వితే తప్పు పట్టలేం. కానీ వాళ్లకు వేరే దారి లేక తొక్కారు. పక్కనే తారు రోడ్డు ఉండగా కావాలని రాళ్లలోకి దిగినవాళ్ల కథ వేరు.

వాళ్లలో పేరు మోసినవాడు డబ్ల్యూ. ఎం. రాబిన్సన్. ‘వేఫేరర్’ అనే కలం పేరుతో ఇంగ్లండులోని ‘సైక్లింగ్’ పత్రికకు రాసేవాడు. 1919 మార్చిలో మిత్రులతో కలిసి వేల్స్‌లోని బెర్విన్ కొండలను మంచులో, సైకిళ్లను నెట్టుకుంటూ దాటాడు. ఆ ప్రయాణం గురించి రాసిన వ్యాసానికి ‘ఓవర్ ది టాప్’ అని పేరు పెట్టాడు. కందకాల్లోంచి పైకి లేచి శత్రువు మీదికి ఉరికే సైనికుల మాట అది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు, చదివినవాళ్లకు విడమర్చి చెప్పనక్కర్లేదు. తర్వాత ఊరూరా మ్యాజిక్ లాంతరు బొమ్మలు చూపిస్తూ ఉపన్యాసాలిచ్చాడు. దారి చెడ్డదైతే ప్రయాణం చెడిపోదని ఒక తరాన్ని నమ్మించింది అతనే. కొత్త చక్రమో కొత్త గేరో కనిపెట్టలేదు. నా లెక్కలో మాత్రం ఈ కథలో మొదటి ఆవిష్కర్త అతనే.

1955 మేలో లెమ్‌స్టర్ అనే చిన్న ఊళ్లో, బ్లాక్ స్వాన్ అనే సారాయి సత్రంలో నలభై మంది దాకా పోగై ‘రఫ్ స్టఫ్ ఫెలోషిప్’ పెట్టారు. తారు లేని దారుల్లో తొక్కేవాళ్ల సంఘాల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే అంటారు. వాళ్లు దాచుకున్న ఫొటోలు 2019లో పుస్తకంగా వచ్చాయి. మెడలో టై కట్టుకుని, నిక్కర్లు వేసుకుని, సైకిలు భుజాన పెట్టుకుని వాగు దాటుతున్న పెద్దమనుషులు, బండల మధ్య స్టవ్ వెలిగించి టీ కాస్తున్నవాళ్లు అందులో కనిపిస్తారు. సైకిళ్లన్నీ మామూలు ఉక్కు టూరింగు సైకిళ్లే. ఎవరి దగ్గరా ప్రత్యేకమైన బండి లేదు.

ఇలాంటివాళ్లను రా రమ్మని పిలిచే చోటు ఇంగ్లండు వాయవ్య మూలన ఉన్న లేక్ డిస్ట్రిక్ట్. మంచుయుగంలో నడిమి కొండల నుంచి నలుదిక్కులకూ జారిన హిమానీనదాలు అక్కడ లోయలను తవ్వాయి. ఆ గోతుల్లో నీళ్లు నిలిచి విండర్‌మియర్, వాస్ట్‌వాటర్ లాంటి పొడుగాటి సరస్సులయ్యాయి. ఆ ప్రాంతం మీద కవి వర్డ్స్‌వర్త్ రాసిన గైడు పుస్తకంలో ఈ లోయలను బండి చక్రపు ఆకులతో పోల్చాడు. ఆయన కాలానికి ఇంకా సైకిలు లేదు, అయినా సైకిలు మనిషికి అంతకంటే పనికొచ్చే పటం లేదు. ఒక ఆకు నుంచి పక్క ఆకుకు పోవాలంటే రెండే దారులు: చక్రం అంచు దాకా దిగి చుట్టూ తిరిగి రావడం, లేదా మధ్యనున్న కొండను ఎక్కి దిగడం. బొరోడేల్ నుంచి వాస్‌డేల్‌కు స్టై హెడ్ కనుమ మీదుగా కొద్ది మైళ్లే. కారులో అయితే చుట్టూ తిరిగి గంట పైనే.

పూర్వం గుర్రాలకు ఆ రెండో దారే దిక్కు. వీపున ఉన్ని మూటలో, పలక రాళ్లో వేసుకుని వరసగా నడిచేవి. చనిపోయినవాళ్లూ ఆ దారినే పోయేవాళ్లు. వాస్‌డేల్ హెడ్ పల్లెకు చాలా కాలం సొంత శ్మశానం లేక, శవాలను బర్న్‌మూర్ మీదుగా పక్క లోయ ఎస్క్‌డేల్‌కు మోసుకెళ్లేవారు. ట్రౌట్‌బెక్ నుంచి కెంట్‌మియర్‌కు గార్‌బర్న్ కనుమ, కొనిస్టన్ నుంచి డడన్ లోయకు వాల్నా స్కార్ దారి, అన్నీ ఇలాంటివే. బొరోడేల్ చివరి సీత్‌వెయిట్ పల్లెలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ నీరు దారిని కోసెయ్యకుండా అడ్డంగా రాళ్లు పాతి పక్కకు మళ్లిస్తారు. గుర్రం వాటిని దాటేస్తుంది. సన్నని టైరు వాటికి తగిలిందంటే ట్యూబు రిమ్ముకూ రాతికీ మధ్య నలిగి పంక్చరే.

అసలు 1968 దాకా ఈ దారుల్లో చాలా వాటి మీద సైకిలుకు హక్కంటూ లేదు. గుర్రాల బాటల మీద సైకిలు తొక్కవచ్చని ఆ ఏటి కంట్రీసైడ్ చట్టం చెప్పింది. నడిచేవాళ్లకూ గుర్రాలకూ దారి ఇవ్వాలన్నది షరతు. సైకిళ్లకు అనువుగా ఆ బాటలను చెయ్యాల్సిన బాధ్యత మాత్రం ఎవరికీ లేదని అందులోనే రాశారు. తొక్కుకోండి, రాళ్ల గురించి మాత్రం అడక్కండి అన్నమాట. ఈ కథలో అందరూ మరిచిపోయే మలుపు ఇదే. దారి మీద హక్కే లేకపోతే ఎంత మంచి సైకిలైనా అంగట్లోనే ఉంటుంది.

సరైన బండి మాత్రం ఈ కొండల్లోంచి రాలేదు. 1970ల్లో కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో కొండ దిగుతూ మౌంటెన్ బైక్‌ను తయారు చేశారు. దిగడానికి భలే బాగుంటుంది, రోజంతా దూరం పోవాలంటే ఒళ్లు హూనం. రేసు సైకిలుకు దూరం చేతనవును, రాళ్లు చేతకాదు. ఈ రెండూ కలవాల్సిన అవసరం కాన్సస్ రాష్ట్రంలో వచ్చింది. అక్కడి ఫ్లింట్ హిల్స్‌లో నేల పైపొరలోనే చెకుముకి రాళ్లు. నాగలి దిగకపోవడంతో పచ్చిక బయళ్లు అలాగే మిగిలాయి, వాటి మధ్య మైళ్ల కొద్దీ కంకర రోడ్లు. 2006లో ఎంపోరియా ఊరి నుంచి 200 మైళ్ల పందెం పెడితే 34 మంది వచ్చారు. ఇప్పుడు ‘అన్‌బౌండ్’ పేరుతో వేల మంది వస్తున్న పందెం అదే. చెకుముకి అంచులకు టైర్లు చీలిపోతుంటే పందెగాళ్లు లావు టైర్లు అడిగారు.

అడిగితే సరిపోలేదు. రేసు సైకిలులో రిమ్మును పట్టే బ్రేకు టైరుకు పైనుంచి వంగి ఉంటుంది. దాని కింద పట్టినంతే టైరు. డిస్క్ వచ్చి బ్రేకును హబ్బు దగ్గరికి దించాక ఫోర్కులో చోటు దొరికింది, 40 మిల్లీమీటర్ల టైరు పట్టింది. లావు టైరు నెమ్మదన్న పాత నమ్మకం కూడా అదే కాలంలో సడలింది. సియాటిల్‌లో ‘బైసికిల్ క్వార్టర్లీ’ పత్రిక నడిపే యాన్ హైనే పరీక్షలు చేసి, గతుకుల మీద గట్టి టైరు ఎగరేసే ప్రతి కుదుపూ తొక్కేవాడి ఒంట్లోనే ఖర్చవుతుందని, గాలి తక్కువ పెట్టిన మెత్తటి టైరు అంతకంటే వెనకబడదని చూపించాడు. ట్యూబు తీసేసి లోపల సీలెంటు పోసే పద్ధతి మౌంటెన్ బైక్ నుంచి వచ్చింది. నలగడానికి ట్యూబే లేదు. 2012లో సాల్సా కంపెనీ ‘వార్‌బర్డ్’ అనే గ్రావెల్ బైక్ తెచ్చింది. 2019లో షిమానో కంపెనీ ఈ రకం బండి కోసమే గేర్లూ బ్రేకులూ చేసింది. 2022లో ఇటలీలో ప్రపంచ చాంపియన్‌షిప్పే జరిగింది.

అలా కాన్సస్ బయళ్లలో తయారైన బండి లేక్ డిస్ట్రిక్ట్‌కు చేరింది. గ్రైజ్‌డేల్ అడవి దారుల్లో అది పుట్టిందే అక్కడేమో అన్నట్టు పోతుంది. గార్‌బర్న్ దిగేటప్పుడు మౌంటెన్ బైక్ మీదున్నవాడు నవ్వుతూ దాటిపోతాడు. ఇక స్టై హెడ్ సంగతి. అక్కడ కార్ల రోడ్డు వేద్దామన్న ప్రతిపాదన ఒకప్పుడు లేచి ఆగిపోయింది కాబట్టి ఇప్పటికీ బండలే. ఎంత లావు టైరైనా అక్కడ చాలా మేర తిరగదు, భుజానికెత్తుకోవాల్సిందే. 1955 నాటి ఉక్కు సైకిలు మీద కొత్త బండికి అక్కడున్న మేలల్లా కాస్త బరువు తక్కువ కావడమే.