సమాధాన వందనము: ప్రభువు బల్లకు ముందు ఒక ప్రశ్న

ప్రభురాత్రి భోజన ఆరాధనలో విశ్వాసులు ఒకరికొకరు సమాధానము చెప్పుకొనుట మన సంఘములలో అనేకులకు పరిచయమైన ఆచారమే. అయితే అది ఆ స్థానములోనే ఎందుకున్నదో మనము అరుదుగా ఆలోచిస్తాము. దాని చరిత్రను పరిశీలిస్తే, అది కేవలము మర్యాదపూర్వకమైన పలకరింపు కాదని తెలుస్తుంది.

పవిత్రమైన ముద్దుతో వందనము చేసికొనవలెనని పౌలు నాలుగు పత్రికలలో ఆదేశించాడు (రోమా 16:16, 1 కొరింథీ 16:20, 2 కొరింథీ 13:12, 1 థెస్స 5:26). ఆ పత్రికలు కూడిన సంఘములో చదువబడినవి గనుక, ఆ వందనము ఆరాధనలో చోటు చేసికొనుట సహజమే. క్రీ.శ. 155 ప్రాంతములో రోములో జస్టిన్ వ్రాసిన మొదటి సమర్థన గ్రంథము ప్రకారము, ప్రార్థనలు ముగిసిన పిమ్మట విశ్వాసులు ముద్దు పెట్టుకొనేవారు. తరువాతనే రొట్టెయు పాత్రయు తేబడేవి. ఉత్తర ఆఫ్రికాకు చెందిన తెర్తుల్లియన్ దానిని ప్రార్థనకు ముద్రగా వర్ణించాడు.

తూర్పు సంఘములు ఈ స్థానమునే నిలుపుకొన్నాయి. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి, మొదట సహోదరునితో సమాధానపడవలెనన్న ప్రభువు మాట (మత్తయి 5:23-24) దీనికి ఆధారము. రోము సంఘములో వేరొక వివరణ బలపడింది. 416లో మొదటి ఇన్నోసెంటు, గుబ్బియో బిషప్పుకు వ్రాసిన లేఖలో, జరిగినదంతటికి ప్రజలు తెలిపే సమ్మతిగా సమాధానమును చివరలో ఇవ్వవలెనన్నాడు. ఒక సంప్రదాయములో అది అర్పణకు ముందు పరీక్ష. మరొకదానిలో ముగింపు ముద్ర. సంస్కరణ అనంతరము ప్రొటెస్టంటు ఆరాధన క్రమములలో అనేకమందు ఈ ఆచారమే కనుమరుగైంది.

దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ఐక్య సంఘ సంప్రదాయములు అందులో ఏకమైనవి. 1950లో వెలువడిన దాని ప్రభురాత్రి భోజన క్రమము సమాధాన వందనమును తిరిగి తెచ్చింది. విశేషమేమనగా, ఆ ఐక్యతలో చేరని కేరళ సిరియను క్రైస్తవుల సంప్రదాయము నుండి దానిని స్వీకరించారు. ముద్దుకు బదులు అరచేతిని అరచేతితో కలుపుట నియమించి, దానిని అర్పణకు ముందుంచారు.

మన దేశములో చేయి తాకుట స్వల్ప విషయము కాదు. అంటరానితనము పాతుకొనిన నేలమీద, పక్కనున్నవాని కులమడుగక చేయి చాచుట ఒక విశ్వాస ప్రమాణమే. ఒకే సంఘములో రెండు పేటలవారు వేర్వేరుగా కూర్చుండి, తమవారికే చేయి అందించినయెడల, క్రమము నెరవేరినట్లు కనబడినను సమాధానము జరుగలేదు.

కాబట్టి సంఘ కాపరులమైన మనము ఈ ఘట్టమును త్వరపడి ముగింపరాదు. సంఘములో కలహమున్నదని ఎరిగినప్పుడు, బల్ల సిద్ధపరచుటకు ముందటి వారములోనే ఆ ఇండ్లకు వెళ్లుట మేలు. ఆదివారమున చాచిన చేయి అప్పుడే నిజము పలుకుతుంది.