హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో రక్తకణాలు తగ్గితే...

అనకాపల్లి: రక్తం పట్టాలంటే బెల్లం తినాలన్న మాట బెల్లం మార్కెట్‌కు పేరొందిన అనకాపల్లి ప్రాంతంలో కొత్త కాదు. బెల్లంలో కొంత ఇనుము ఉన్నమాట నిజమే. అయితే హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారిలో రక్తకణాలు తగ్గడానికి ఇనుము లోపం ఒక్కటే కారణం కాదు. కారణం తేల్చుకోకుండా టానిక్కులతో కాలయాపన చేస్తే అసలు వ్యాధి ముదిరే ప్రమాదం ఉంది.

మూడు రకాల కణాలు

రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును శరీరమంతటికీ చేరవేస్తుంది. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ పురుషుల్లో 13, స్త్రీలలో 12, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. తెల్లకణాలు రోగక్రిములను ఎదుర్కొంటాయి. హెచ్‌ఐవీ ప్రధానంగా దెబ్బతీసే సీడీ4 కణాలు వీటిలోనివే. రక్తస్రావాన్ని అరికట్టే ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు సాధారణంగా 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. హెచ్‌ఐవీ సోకినవారిలో ఈ మూడింటిలో ఏదైనా, ఒక్కోసారి మూడూ తగ్గవచ్చు.

కారణాలు అనేకం

చికిత్స అందని దశలో వైరస్ ప్రభావం వల్లనే మజ్జలో కణాల ఉత్పత్తి మందగిస్తుంది. క్షయ వంటి అవకాశవాద వ్యాధులు మజ్జకు పాకితే పరిస్థితి మరింత విషమిస్తుంది. పోషకాహార లోపం, కొంకిపురుగులు, మలేరియా కూడా రక్తహీనతకు దారితీస్తాయి. వర్షాకాలంలో జ్వరంతోపాటు ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ కావచ్చునన్న సంగతి మరువరాదు.

మందుల ప్రభావమూ ఉంటుంది. దేశంలో ఉచిత ఏఆర్‌టీ చికిత్స 2004 ఏప్రిల్ 1న ప్రారంభమైనప్పుడు విరివిగా వాడిన జిడోవుడిన్ కొందరిలో తీవ్ర రక్తహీనత కలిగించేది. మొదటి కొన్ని నెలల్లోనే ఇది బయటపడేది. అందుకే ఆ మందు వాడేవారికి తరచూ హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తారు. ప్రస్తుతం మొదటి వరుస చికిత్సలో టెనోఫోవిర్, లామివుడిన్, డొల్యుటెగ్రవిర్ కలిసిన మాత్ర వాడుతున్నారు. దీనితో ఈ సమస్య అరుదు. అవకాశవాద వ్యాధుల నివారణకు ఇచ్చే కోట్రైమాక్సజోల్ సైతం కొందరిలో కణాలను తగ్గిస్తుంది.

మందులు మానరాదు

రక్తం తగ్గిందని తమంతట తాముగా ఏఆర్‌టీ మందులు మానివేయడం ప్రమాదకరం. వైరస్ తిరిగి విజృంభించి కణాలు ఇంకా క్షీణిస్తాయి. వైరస్ కారణంగా ప్లేట్‌లెట్లు తగ్గినవారిలో క్రమం తప్పని చికిత్సతోనే అవి చాలావరకు కోలుకుంటాయి. అవసరమైతే మందు మార్చే నిర్ణయం వైద్యులదే.

డొల్యుటెగ్రవిర్ వాడుతున్నవారు ఇనుము, కాల్షియం మాత్రల విషయంలో జాగ్రత్త వహించాలి. పరగడుపున రెండూ కలిపి వేసుకుంటే హెచ్‌ఐవీ మందు ఒంటికి సరిగా పట్టదు. ఈ మాత్రలకు రెండు గంటల ముందు గాని, ఆరు గంటల తరువాత గాని డొల్యుటెగ్రవిర్ వేసుకోవాలి. భోజనంతో అయితే రెండింటినీ కలిపి వేసుకోవచ్చు. ఆకుకూరలు, చోడి అంబలి, పప్పులు, గుడ్లు, చేపలు ఆహారంలో ఉంటే మేలు. అయితే ఇవి చికిత్సకు ప్రత్యామ్నాయం కావు.

ఎప్పుడు వెళ్లాలి?

మెట్లు ఎక్కితే ఆయాసం, గుండెదడ, పాలిపోయిన కనురెప్పలు, తగ్గని జ్వరం, నోటిపూత, చిగుళ్ల నుంచి రక్తం, చర్మంపై ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఆలస్యం చేయరాదు. పూర్తి రక్తకణాల పరీక్షతో ఏ కణాలు ఎంత తగ్గాయో తెలుస్తుంది. విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఉంది. వేరే వైద్యుని వద్దకు వెళ్లినా ఏఆర్‌టీ మందుల వివరాలు దాచకుండా చెప్పాలి. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి వివరాల గోప్యతకు రక్షణ కల్పిస్తోంది, వివక్షను నిషేధిస్తోంది. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.