పాతాళం నుంచి పటమట దాకా

చనిపోయిన తరువాత మనిషి ఏమవుతాడన్న ప్రశ్నకు కృష్ణా డెల్టాలో రెండు వేల ఏళ్లకు పైగా వస్తున్న జవాబులు ఒకదాన్నొకటి తుడిచిపెట్టలేదు. కొత్తగా వచ్చిన ప్రతి మతమూ అంతకుముందే జనం నోట నానుతున్న నరకం, పాతాళం, పరలోకం వంటి మాటలను తీసుకుని వాటికి తన అర్థం చెప్పుకుంది. మతాన్నే కాదన్న నాస్తికత్వం సైతం ఆ మాటలతోనే తలపడవలసి వచ్చింది. అందువల్ల ఈ ప్రాంతంలో నరకం చరిత్రను వేదాంత చర్చగా కంటే సాంఘిక చరిత్రగా చదవడమే న్యాయం. ఎవరి పాపానికి ఎవరు శిక్ష చెప్పారు, ఆ శిక్షను తప్పించే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్న తగాదాయే ఇందులో మొదటి నుంచీ నడుస్తూ వచ్చింది.

వైదిక సాహిత్యపు తొలిదశలో నరకానికి స్పష్టమైన రూపం లేదు. ఋగ్వేదంలోని యముడు పాపుల లెక్క చూసే న్యాయాధికారి కాడు. మరణమార్గాన్ని అందరికంటే ముందు కనుగొని, పితృదేవతలకు రాజైనవాడు. శిక్షల పట్టిక తరువాతి కాలపు పురాణాలది. భాగవతం పంచమ స్కంధం తామిస్రం, రౌరవం, కుంభీపాకం, అసిపత్రవనం మొదలుగా 28 నరకాలను పేర్కొని, ఏ తప్పుకు ఏ నరకమో చెబుతుంది. ఆ స్కంధంలోనే భూమికింది ఏడు లోకాలకు బిలస్వర్గాలని పేరుండటం, వాటిలో చివరిదైన పాతాళం నాగులు సకల భోగాలతో మెలిగే చోటు కావడం గమనించదగ్గ విషయం. అంటే పురాణాల లెక్కలో పాతాళం వేరు, నరకం వేరు. పైగా నరకం శాశ్వతం కాదు, పాపఫలం తీరగానే జీవుడు మళ్లీ పుట్టవలసిందే. ఈ రెండు భేదాలనూ పాఠకులు గుర్తుంచుకుంటే పందొమ్మిదో శతాబ్దంలో జరిగిన మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది.

డెల్టాలో మరణానంతర విశ్వాసానికి దొరికే పాత భౌతిక సాక్ష్యాలు బౌద్ధులవి. భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయటపడిన ధాతుకరండాలు, అంటే బుద్ధుని అవశేషాలను ఉంచిన రాతి భరిణెలు, వాటి మీది బ్రాహ్మీ శాసనాలు క్రీస్తుపూర్వ కాలానివి. అమరావతి స్తూపానికి రాతిపలకలు ఇచ్చిన దాతల్లో గృహిణులు, భిక్షుణులు, వర్తకులతో పాటు విధికుడనే చర్మకారుడు కూడా ఉన్నాడు. పూర్ణఘటం చెక్కిన ఆ పలక మీది శాసనంలో అతని కుటుంబ సభ్యుల ప్రస్తావన ఉంది. తోలుపని చేసే మనిషి ఇచ్చిన పలక కూడా ఆ స్తూపంలో చోటు సంపాదించి, ఆ పుణ్యం అతని ఇంటివారందరికీ చెందిన ఆ రోజుల పక్కన, అదే వృత్తివారిని ఊరి చివరకు నెట్టిన తరువాతి శతాబ్దాలను పెట్టి చూస్తే, పరలోకం కూడా కులం కట్టుబాట్లలోకి ఎలా వచ్చిపడిందో అర్థమవుతుంది.

ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఒక వింత కథను నమోదు చేశాడు. భావవివేకుడనే బౌద్ధ తాత్త్వికుడు తన సందేహాలను మైత్రేయ బుద్ధుడి చేతనే తీర్చుకోవాలని, ఆయన అవతరించేదాకా వేచి ఉండటానికి మంత్రజపంతో కొండరాతిని తెరిపించి, అందులోని అసుర భవనంలోకి వెళ్లిపోయాడట. గుమిగూడిన జనంలో అత్యధికులు అది పాములపుట్ట అని జంకగా, ఆరుగురు మాత్రం ఆయన వెంట నడిచారట. హుయాన్‌త్సాంగ్ చెప్పిన విహారాలను ఫెర్గూసన్, సూయెల్ వంటి తొలితరం పరిశోధకులు బెజవాడ కొండల్లోనే వెతికారు, తరువాతివారు ధరణికోట వైపు మొగ్గారు. స్థలం ఏదైనా, కొండ కడుపులోని లోకం ఈ కథలో శిక్షా స్థలం కాక ఆశ్రయం కావడం పురాణాల్లోని పాతాళంతో సరిగ్గా సరిపోతుంది.

పురాణ ధర్మం స్థిరపడిన తరువాత ఇంటింటా పాతుకుపోయింది మాత్రం గరుడ పురాణంలోని ప్రేతఖండం. దాని ప్రకారం ప్రాణం పోయిన జీవుడికి పది రోజుల పిండాలతో యాతనా శరీరం ఏర్పడుతుంది. ఏడాది పాటు యమమార్గంలో నడిచి, వైతరణి అనే చీము నెత్తురుల నదిని దాటాలి, దాటించడానికి గోదానం ఉండాలి. సపిండీకరణం, అంటే పోయినవారి పిండాన్ని పూర్వీకుల పిండాలతో కలపడం జరిగితే గాని ప్రేతత్వం పోయి పితృదేవతల్లో చోటు దొరకదు. పిండం పెట్టేందుకు కొడుకు కావాలి, లేకుంటే పున్నామ నరకం. ఈ ఒక్క నమ్మకం దత్తతలను, ఆస్తి పంపకాలను, ఆడపిల్ల పుట్టుక మీది నిట్టూర్పును ఎంతగా శాసించిందో లెక్కకట్టడం కష్టం. పెదకర్మ, తద్దినం, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టడం, పన్నెండేళ్లకొకసారి కృష్ణా పుష్కరాల్లో ఘాట్ల మీద పిండప్రదానాలు నేటికీ నడుస్తున్నాయి. 2016 ఆగస్టులోని పుష్కరాల్లోనూ నడిచాయి. నరకం ఉందో లేదో తెలియదనే వారు కూడా తండ్రికి పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోతే కలవరపడటం ఈ ప్రాంతంలో సర్వసాధారణం.

ఈ వ్యవస్థను లోపలి నుంచే సడలించినవారూ ఉన్నారు. పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు కీర్తించిన వీరశైవంలో భక్తుడి మరణం లింగైక్యం, అంటే శివునిలో కలిసిపోవడం. అందుకే జంగములు దహనం చేయక సమాధి చేస్తారు. తెలుగు భాగవతంలోని అజామిళోపాఖ్యానం ప్రజల్లోకి మరింత లోతుగా వెళ్లింది. జీవితమంతా దారితప్పి బతికినవాడు చావు ఘడియలో కొడుకు పేరుగానే అయినా నారాయణా అని పిలిస్తే యమభటులు వెనుదిరగవలసి వచ్చిందన్న కథ, శిక్షాస్మృతి మొత్తాన్ని ఒక్క పిలుపు ముందు తేలిక చేసింది. వేమన మరో దారి పట్టి పిండం పెట్టే తంతునే ఎగతాళి చేశాడు.

గ్రంథాలకు అందని ఒక పొర కూడా ఉంది. భర్త గోపయ్య మరణించాక అగ్నిలో ప్రవేశించిందని చెప్పుకునే తిరుపతమ్మ మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో పేరంటాలుగా, అంటే ముత్తైదువగా పోయి దేవత అయిన స్త్రీగా కొలువందుకుంటున్నది. కృష్ణకు అవతలి గట్టున కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకే ఏటా ఉత్సవం జరుగుతుంది. వీరు స్వర్గానికో నరకానికో వెళ్లినవారు కారు. ఊరిలోనే ఉండి ఊరిని కాచేవారు. డెల్టా గ్రామీణుల అసలు పరలోకం ఊరి పొలిమేర దాటదని చెబితే అతిశయోక్తి కాదు.

1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరడంతో కొత్త అధ్యాయం మొదలైంది. నోబుల్ బడి పై కులాల పిల్లలను ఆకర్షించినా, పెద్ద కదలిక వచ్చింది మాత్రం దళితవాడల నుంచి. నందిగామ ప్రాంతపు రాఘవాపురంలో మాలపెద్ద అయిన పగోలు వెంకయ్య, విగ్రహారాధన మీద విశ్వాసం పోయి నిజదైవం కోసం వెతుకుతూ, బెజవాడలో మిషనరీ డార్లింగ్‌ను కలిసి 1859లో బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట ఆ ఊరూ, చుట్టుపక్కల వాడలూ కదిలాయి. నీ తక్కువ పుట్టుక నీ పూర్వజన్మ పాపమేనని తరతరాలుగా విన్న మనిషికి, పుట్టుక ఒక్కటే, తీర్పు ఒక్కటే, ఆ తీర్పు ముందు కరణమైనా కూలివాడైనా సమానమే అన్న బోధ ఎలా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. మిషనరీల నరకభయం వల్లనే జనం మతం మారారన్న వాదన తరచు వినబడుతుంది గాని, అది సగం నిజం కూడా కాదు. అంతకుముందు నుంచీ నెత్తిన ఉన్న కర్మభయం నుంచి విడుదల ఆ మార్పులో తక్కువ పాలు కాదు.

అయితే ఈ విడుదలకు భాష దొరికింది పాత భాండారంలోనే. తెలుగు బైబిలు గెహెన్నాకు నరకమనే మాటను వాడింది. మృతులుండే షియోలును పాతాళమన్నది. దీనితో శిక్ష ముగియగానే వదిలిపెట్టే పురాణ నరకం ముగింపులేని నరకమైంది. నాగుల భోగభూమి అయిన పాతాళం చచ్చినవారి చీకటిలోకమైంది. గ్రామదేవతల జాతరలో భక్తులు నడిచే నిప్పుల అగ్నిగుండం, ప్రకటన గ్రంథంలో దుష్టులను పడవేసే అగ్నిగుండమైంది. క్రైస్తవుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. కతోలికులు స్వర్గానికి నరకానికి నడుమ ఉత్తరించు స్థలాన్ని, అంటే ఆత్మలు శుద్ధి పొందే తావును నమ్మి, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి మృతుల కోసం ప్రార్థిస్తారు. ప్రొటెస్టెంట్లు అటువంటి చోటు లేదంటారు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు వచ్చే హిందువులు ఈ తేడాలేవీ పట్టించుకోకుండా కొబ్బరికాయలు, తలనీలాలు సమర్పించుకుని వెళ్తారు. ముస్లిములు జన్నత్, జహన్నమ్ అనే తమ మాటలను నిలుపుకుంటూనే తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు స్వర్గం, నరకం, పరలోకం అనే మాటలనే వాడతారు.

ఈ నేల మీదనే ఇరవయ్యో శతాబ్దంలో నిరాకరణ పుట్టింది. అంగలూరులో 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగవేసి చదవగా, గుర్రం జాషువా 1941 నాటి గబ్బిలం కావ్యంలో కర్మసిద్ధాంతాన్ని అంటరానివాడి పక్షాన నిలదీశాడు. వీరి పనిని సంస్థగా మలచినవాడు గోరాగా పేరుపొందిన గోపరాజు రామచంద్రరావు. 1902లో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రం చదివి అధ్యాపకుడైన ఆయన, దేవుడి భావన మీద రాసిన వ్యాసం కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం కోల్పోయాడు. తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరి, అదీ వదిలి, 1940లో సతీమణి సరస్వతితో కలిసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించాడు. 1947లో అది విజయవాడలోని పటమటకు మారింది.

గోరా నాస్తికత్వం దేవుడు లేడని నిరూపించడంతో ఆగేది కాదు. విధి, కర్మ, పరలోక ఫలం అనేవి మనిషిని తన బతుకుకు తాను బాధ్యుడు కాకుండా చేస్తాయని, అస్పృశ్యతను సహించే గుణం అక్కడి నుంచే వస్తుందని ఆయన వాదం. 1944 చివర సేవాగ్రామంలో గాంధీతో మొదలైన ఆయన చర్చలు 1951లో పుస్తకంగా వచ్చాయి. గోరా పెద్దకూతురికి దళిత యువకుడితో పెళ్లి తలపెట్టినప్పుడు, ఆ తంతులో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు ఉంచడానికి గాంధీ సమ్మతించాడు. పెళ్లి మాత్రం ఆయన హత్య జరిగిన తరువాత 1948లో సేవాగ్రామంలోనే జరిగింది. 1960లో గోరా కొడుకు లవణం జాషువా కుమార్తె హేమలతను పెళ్లాడటంతో గబ్బిలం ఇల్లూ పటమట ఇల్లూ ఒకటయ్యాయి. 1972లో తొలి ప్రపంచ నాస్తిక మహాసభ విజయవాడలో జరిగింది. నిప్పుల మీద నడవడానికి దైవబలం అక్కర లేదని చూపడానికి కేంద్రంవారు జాతర గుండాన్నే తమ ప్రదర్శనగా మార్చారు; అగ్నిగుండమనే మాటకు అది మూడో అర్థం.

నరకాన్ని కాదన్నవారు శిక్షను గురించి ఏమన్నారన్నది అంతకంటే విలువైన ప్రశ్న. దానికి జవాబు స్టువర్టుపురంలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతిగా ముద్రవేసిన ఎరుకలవారిని ఉంచిన ఆ సెటిల్‌మెంటును మొదట నడిపింది క్రైస్తవ సంస్థ అయిన సాల్వేషన్ ఆర్మీ. 1970ల్లో అదే ఊళ్లో లవణం, హేమలత దంపతులు నేరస్థుల సంస్కరణ చేపట్టారు. పాపి మారగలడన్న నమ్మకం ఆ క్రైస్తవులది, పాపి అనే జాతే లేదన్న నమ్మకం ఈ నాస్తికులది. సిద్ధాంతంలో అగాధమంత దూరం ఉన్న ఈ రెండు పక్షాలూ ఒకే వీధుల్లో తిరగడం ఈ చరిత్రలో అరుదైన ఘట్టం.

ఇంతలో జనసామాన్యానికి నరకం నవ్వుల సరుకైంది. 1960లో దేవాంతకుడు, 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు యమలోకాన్ని లంచాలు, సమ్మెలు, ఫైళ్ల తారుమారులు నడిచే సర్కారు కచేరీగా చూపగా, ప్రేక్షకులు పగలబడి నవ్వారు. తెర మీద యముడంటే గుర్తొచ్చే కైకాల సత్యనారాయణ కృష్ణా జిల్లా కౌతవరం వాడు. సినిమాకు నవ్వినవారే ఇంట్లో ఎవరైనా పోతే గరుడ పురాణం చదివించడంలో వైరుధ్యం కనిపించవచ్చు. కాని అజామిళుడి కథ విన్న జాతికి యముణ్ణి ఓడించడం కొత్త ముచ్చట కాదు.

గోరా 1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మరణించాడు. సరస్వతి గోరా 2006లో, లవణం 2015లో పోయారు. ఈ ప్రాంతపు పత్రికల్లో మరణవార్తలు చదివితే పరమపదించారు, శివైక్యం చెందారు, ప్రభువునందు నిద్రించారు, అమరులయ్యారు, కన్నుమూశారు అన్న మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి; ఒక్కో మాట ఒక్కో విశ్వాసం, చివరిది ఏ విశ్వాసానికీ కట్టుబడనిది. విజయవాడ కృష్ణలంకలో ఉన్న శ్మశానవాటిక పేరు స్వర్గపురి. తెలుగు ఊళ్లలో శ్మశానాలకు వైకుంఠధామం, కైలాసభూమి, మహాప్రస్థానం అన్న పేర్లూ ఉన్నాయి. నరకం పేరు మాత్రం ఎవరూ పెట్టుకోలేదు.