రాత్రికి దాచిన ఎండ

సూర్యరశ్మిలో శక్తికి కొరత లేదు. కొరత అంతయు దానిని నిలువ చేయుటలోనే ఉన్నది. దీపములు వెలిగించవలసిన వేళకు సూర్యుడు అస్తమించును. అందుచేత ఎండను పట్టుకొనుటకు ఎంత శ్రమ జరిగినదో, పట్టుకొన్న ఎండను రాత్రి వరకు కాపాడుటకును అంత శ్రమ జరిగినది.

శక్తిని నిలువ చేయు మార్గములు అనేకములు కలవు. వానిలో ఎల్లరు ఎరిగినది బ్యాటరీ. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లములో ఉంచి, మరల మరల విద్యుత్తుతో నింపుటకు వీలయిన ఘటమును తయారుచేసినాడు. మరొక మార్గము, ఎండను విద్యుత్తుగా మార్చకముందే వేడి రూపమున దాచుట. పొయ్యి ఆర్పిన తరువాత కూడ ఇనుప పెనము చాలసేపు వేడిగా ఉండును గదా! సూత్రము అదే. అయితే ఆచరణలో అది అంత సులభము కాలేదు.

1982లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మొహావీ ఎడారిలో 'సోలార్ వన్' అను 10 మెగావాట్ల కేంద్రము పని ప్రారంభించినది. 1,818 పెద్ద అద్దములు సూర్యుని అనుసరించి తిరుగుచు, ఎండను ఒక ఎత్తయిన స్తంభము కొనకు మళ్లించెడివి. అక్కడి గొట్టములలో నీరు ఆవిరియై టర్బైనును త్రిప్పెడిది. మిగిలిన వేడిని ఒక పెద్ద ట్యాంకులోని తైలమునకు, రాళ్లకు, ఇసుకకు అందించి దాచెడివారు. కాని ఆ తైలమును సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడి చేయుటకు వీలులేదు. కావున దాని నుండి తిరిగి పుట్టిన ఆవిరికి బలము చాలలేదు. పైగా తైలము మండెడి పదార్థము. 1986లో ఆ ట్యాంకు అగ్నికి ఆహుతి అయినది.

అధిక ఉష్ణోగ్రత వద్దను ద్రవముగా ఉండి, మండక, మరిగి ఆవిరి కాక, చౌకగా లభించు పదార్థము కావలసి వచ్చినది. అది పాత వస్తువే. బాణసంచాలో వాడెడి పెట్లుప్పు, అనగా పొటాషియం నైట్రేటు! దీనితో సోడియం నైట్రేటును కలిపినారు. మందుగుండులోని వస్తువు ప్రమాదకరము కాదా అని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. పెట్లుప్పు తనంతట తాను మండదు. ఆక్సిజనును ఇచ్చి ఇతర వస్తువుల మంటను పెంచును. దానిని బొగ్గు, తైలము వంటి వాని నుండి దూరముగా ఉంచినచో భయము లేదు.

ఇందు మరియొక విశేషము గమనింపదగినది. సోడియం నైట్రేటు సుమారు 307 డిగ్రీల వద్ద, పొటాషియం నైట్రేటు సుమారు 334 డిగ్రీల వద్ద కరగును. మొదటిది 60 పాళ్లు, రెండవది 40 పాళ్లు కలిపినచో ఆ మిశ్రమము సుమారు 240 డిగ్రీలకే పూర్తిగా ద్రవమగును. దానిని 565 డిగ్రీల వరకు వేడి చేయవచ్చును. 290 నుండి 565 డిగ్రీల వరకు వేడెక్కిన ఒక టన్ను ఉప్పులో సుమారు 115 యూనిట్ల వేడి దాగి ఉండును. టర్బైను ద్వారా అందులో రమారమి 45 యూనిట్లు విద్యుత్తుగా లభించును.

సోలార్ వన్ స్తంభము వద్దనే, అద్దములు మరి 108 చేర్చి, 'సోలార్ టూ' కేంద్రమును 1996 నుండి 1999 వరకు నడిపినారు. చల్లని ట్యాంకులోని ఉప్పు స్తంభముపైకి పోయి, ఎండకు కాగి, వేడి ట్యాంకులో చేరును; రాత్రి ఆవిరిని పుట్టించి, తిరిగి చల్లని ట్యాంకునకు వచ్చును. 'చల్లని' ట్యాంకు అన్నను అది 290 డిగ్రీల వేడి కలదే. అంతకంటె చాల తగ్గినచో ఉప్పు గొట్టములలోనే గడ్డకట్టును. ఈ కేంద్రము ఒకప్పుడు దాదాపు వారము దినములు రాత్రింబవళ్లు ఎడతెగక విద్యుత్తు నిచ్చినది.

తరువాతి అడుగు స్పెయిన్ దేశములో పడినది. 2008లో గ్రనడా పరగణాలో ఆండసోల్ కేంద్రము 28,500 టన్నుల ఉప్పుతో ఏడున్నర గంటల నిలువను సాధించినది. 2011లో సెవిల్ పరగణాలో హెమసొలార్ కేంద్రము 15 గంటల నిలువతో తెల్లవార్లు పనిచేయగలిగినది.

అంతలో ఎదురుదెబ్బ తగిలినది. అమెరికాలోని నెవాడా ఎడారిలో 2015లో ప్రారంభమైన 110 మెగావాట్ల క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రములో, మరుసటి సంవత్సరమే వేడి ఉప్పు ట్యాంకు కారినది. ఎనిమిది నెలలు పని ఆగినది. 2019లో విద్యుత్తు కొనెడి కంపెనీ ఒప్పందమును రద్దు చేసుకొన్నది. ఇక్కడ తప్పు ఉప్పుది కాదు, ట్యాంకుది. ఉక్కు వేడికి వ్యాకోచించును, చల్లబడినచో సంకోచించును. అంత పెద్ద ట్యాంకు అడుగును ఈ ఒత్తిడికి తట్టుకొనునట్లు కట్టుట ఎంత కష్టమో అనుభవము మీద తెలిసినది.

ఈలోగా పోటీ కూడ పెరిగినది. 1991లో మార్కెట్టునకు వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీల వెల 2010 తరువాత నూటికి 90 పాళ్ల వరకు పడిపోయినది. సౌరఫలకములును అట్లే చౌక అయినవి. నాలుగు గంటల నిలువ చాలినచోట నేడు బ్యాటరీయే మేలు. కాని రాత్రియంతయు విద్యుత్తు కావలెనన్న, బ్యాటరీల సంఖ్యను గంటల లెక్కన పెంచవలెను. ఉప్పు విషయములో టర్బైను మారదు. ట్యాంకులు, ఉప్పు పెంచిన చాలును. అందుచేతనే 2018లో చైనాలోని దున్‌హువాంగ్ వద్ద 100 మెగావాట్ల ఉప్పు కేంద్రమును, 2021లో చిలీ దేశపు అటకామా ఎడారిలో పదిహేడున్నర గంటల నిలువ గల సెర్రో డొమినడోర్ కేంద్రమును నెలకొల్పినారు.

అటకామా ఎడారి సోడియం నైట్రేటుకు పుట్టినిల్లు. పందొమ్మిదవ శతాబ్దమున అక్కడి ఉప్పు ఓడల మీద ఐరోపాకు పోయి, పొలములలో ఎరువుగా, కర్మాగారములలో మందుగుండుగా మారినది. నేడు అదే జాతి ఉప్పు అదే ఎడారిలో, పగటి ఎండను తెల్లవారువరకు కాపాడుచున్నది.