కోఠిలో ఇంగ్లీషు బంగ్లా: కట్టిందెవరు, ఖర్చెవరిది?

పెద్ద అంబర్‌పేట్ నుంచి కోఠి బస్సెక్కితే ఎల్‌బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, చాదర్‌ఘాట్ దాటాక ఒక పెద్ద తెల్ల బంగ్లా ఉంటుంది. అదే బ్రిటిష్ రెసిడెన్సీ.

ముందు ఆరు ఎత్తైన స్తంభాలు, వాటిమీద త్రికోణపు కప్పు, మెట్ల పక్కన రెండు సింహాలు. ఇంగ్లండ్‌లో జమీందార్లు పల్లెల్లో కట్టుకునే రాతి భవనాల పద్ధతే ఇది. కానీ దగ్గరికెళ్లి చూడండి, గోడలు ఇటుకవి, పైన సున్నం పూత. చూపు ఇంగ్లీషుది, ఒళ్లు మాత్రం మనదే!

1803 ప్రాంతంలో రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్ పని మొదలుపెట్టించాడు. ప్లాన్ గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. మరి డబ్బు? నిజాం ఖజానాది. అంటే మన మీద పెత్తనం చూపించే ఇంటికి ఖర్చు కూడా మనదే అన్నమాట.

కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా హైదరాబాదీ, పరదాలో ఉండేది. బంగ్లా ఎలా ఉందో ఆమె చూడాలని చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. 1805లో అతను కలకత్తాలో చనిపోయాడు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులతో వచ్చి దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే.

1949లో ఇక్కడికి అమ్మాయిల కాలేజీ వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ మహిళా యూనివర్సిటీ. ఒకప్పుడు ఒక ఆడమనిషి నమూనాలో చూసిన బంగ్లా మెట్లు ఎక్కే హక్కు ఇప్పుడు మన చెల్లెళ్లది. ఈసారి కోఠి వెళ్తే ఒక్క నిమిషం ఆగి చూడండి.